గడప లోపల పగిలిన టైలు

2023 అక్టోబర్ నెల. అరిజోనాలోని చాండ్లర్. ఉదయం తొమ్మిదికే ఎండ చిటచిటలాడుతోంది. ఏడాది కూడా నిండని ఒక కొత్త ఇంటి ముందు నిచ్చెన దించుకుంటూ, “ఇంకాస్త ముందు పిలిస్తే మీ సొమ్మేం పోయిందమ్మా?” అని ఇంటావిడ మీద ఎగురుతున్నాను. కోపం ఆపుకోవడం నాకు చేతకాదు. ఈ పనిలోకి వచ్చాక అది ఇంకాస్త ముదిరింది.

నేను హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఇంటి యజమానుల తరఫున వెళ్ళి, పైకప్పు నుంచి నేల దాకా చూసి, ఎక్కడ ఏ లోపం ఉందో ఫొటోలతో సహా రాసివ్వడం నా పని. నెల్లూరులో సివిల్ డిప్లొమా చేశాను. పెళ్ళయి ఇక్కడికొచ్చి, ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద తొమ్మిదేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. గ్రీన్‌కార్డ్ చేతికి రాగానే లైసెన్స్ పరీక్ష రాశాను. “హాయిగా చీరలు అమ్ముకోక నీకీ అటకలెక్కే పనేమిటి?” అని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళిళ్ళ అటకలు కూడా నేనే ఎక్కుతున్నాను.

కొత్త ఇల్లు కట్టి ఇచ్చిన బిల్డర్ మొదటి ఏడాది పనితనానికి వారంటీ ఇస్తాడు. ఆ ఏడాదిలోపు ఏ లోపమైనా రాతపూర్వకంగా చెప్తే బాగుచేయాల్సిన బాధ్యత అతనిది. గడువు దాటితే చిన్నా పెద్దా లోపాలు చాలావరకు మన నెత్తినే. అందుకే తెలిసినవాళ్ళు పదకొండో నెలలో నాలాంటి వాళ్ళని పిలిచి ఇల్లంతా చూపిస్తారు. దాన్ని ఎలెవెన్త్ మంత్ ఇన్‌స్పెక్షన్ అంటారు. లావణ్య నన్ను పిలిచేసరికి గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

లావణ్యది కాకినాడ. ముప్పై రెండు ముప్పై మూడేళ్ళుంటాయి. టెస్టింగ్ ఉద్యోగం. భర్త కిరణ్‌ది వరంగల్, అతనూ సాఫ్ట్‌వేరే. నేను వెళ్ళిన రోజు అతను మేడ మీద ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. ఆవిడేమో టీ కప్పు పట్టుకుని నా వెనకాలే తిరుగుతోంది. నాకది అలవాటే, మనవాళ్ళ ఇళ్ళలో టీ తాగకుండా పని మొదలవ్వదు.

ఎప్పటిలాగే వీధి తలుపు దగ్గర మొదలుపెట్టాను. గడప దాటగానే లోపల పెద్ద మ్యాట్ పరిచి ఉంది. మామూలు డోర్ మ్యాట్ కాదు, చాపంత ఉంది. నేల చూడాలి కదా అని దాని అంచు పట్టుకున్నానో లేదో లావణ్య పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, అది వదిలేయండి. అది మా తప్పే.”

“తప్పో ఒప్పో చూడనీ ముందు,” అని మ్యాట్ తీశాను.

కింద టైలు నిలువునా పగిలి ఉంది. సన్నటి పగులు, గోరు పెడితే తగులుతోంది. పక్కనే బొటనవేలి గోరంత పెచ్చు లేచిపోయి ఉంది. టైలు వంక చూడకుండా, గోడ వంక చూస్తూ చెప్పిందావిడ. గృహప్రవేశం రోజున కిరణ్ గుమ్మడికాయ ఇంటి ముందు కారు నిలిపే డ్రైవ్‌వే మీద కొట్టాడు. తర్వాత లోపలికి అడుగుపెడుతూ ఆవిడ కొబ్బరికాయ కొట్టాలి. పసుపు, కుంకుమ, పాలగిన్నె, మామిడాకులు అన్నీ గుర్తుపెట్టుకుని తెచ్చారు గానీ కాయ కొట్టడానికి రాయి తేలేదు. ఈ దేశంలో కొత్త కాలనీలో రాయి కోసం ఎక్కడికి పోతాం? ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు తొందరపెడుతున్నారు. ఇంకేం చేస్తుంది, టైలు మీదే మూడు దెబ్బలు వేసి కాయ పగలగొట్టింది.

“ఆ పెచ్చు అప్పుడే లేచిందక్కా. నెల తిరిగేసరికి ఈ పగులు కనిపించింది. జనవరిలో బిల్డర్ మనిషి చెకింగ్‌కి వచ్చి, ‘ఇక్కడేమైనా పడిందా?’ అని అడిగాడు. కొబ్బరికాయ కొట్టానని చెప్పేశాను. అబద్ధం ఎలా చెప్తాను? అతను పేపర్ మీద రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను.”

“శుభం! సంతకం కూడానా?” అన్నాను.

సిగ్గుపడుతూనే చెప్తున్నాను, నేను కూడా అప్పుడు ఆవిడ మాటే నమ్మేశాను. టాబ్లెట్‌లో ‘యజమాని వల్ల జరిగిన నష్టం’ అన్న గడిలో టిక్ పెట్టి మ్యాట్ కప్పేసి ముందుకెళ్ళిపోయాను. పెచ్చు కళ్ళముందే ఉంది, కారణం నోటితోనే చెప్తోంది, ఇంకేం చూడాలి అనుకున్నాను.

అటక మీద రెండు బెడ్‌రూముల పైన ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే దూదిలాంటి పరుపు, సగమే పరిచి ఉంది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడి వేలాడుతోంది. ఇలాంటివి ప్రతి కొత్త ఇంట్లో దొరుకుతాయి. నేను కిందికి దిగి చేతులు కడుక్కుంటుంటే లావణ్య వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నట్టుండి అంది.

“ఈ ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నానక్కా. వేసవి సెలవుల్లోపు.”

“ఏం, ఏమైంది? బంగారంలాంటి ఇల్లు!”

ఫిబ్రవరిలో కిరణ్ టీమ్ మొత్తాన్ని తీసేశారట. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. అతనికి యాభై నాలుగో రోజున ఆఫర్ వచ్చింది. ఆ యాభై నాలుగు రోజులే కాదు, ఇప్పటిదాకా ఆవిడ వీధి తలుపు వాడలేదట. గరాజ్‌లోంచే వెళ్ళడం, గరాజ్‌లోంచే రావడం.

“మార్చిలో ఒకరోజు కిరణ్ సింక్ దగ్గర నిలబడి, ఈ ఇల్లు మనకి అచ్చిరాలేదు అన్నాడక్కా. గడప దగ్గర పగలగొట్టింది నేనే కదా. నాకు పిచ్చి నమ్మకాలేం లేవండి, నేనూ ఇంజినీర్‌నే. కానీ ఆ టైలు చూసినప్పుడల్లా ఆ మాటే వినిపిస్తుంది.”

వినడానికి చిన్న విషయమే. కానీ ఒక మనిషి నెలల తరబడి తన ఇంటి తలుపులోంచి తను నడవలేకపోవడం చిన్న విషయం కాదు. జాలేసింది. జాలేస్తే నేను పని మీద పడిపోతాను. “ప్యాంట్రీ ఒక్కటీ మిగిలింది, చూసొస్తా,” అని తప్పించుకున్నాను.

ప్యాంట్రీ అంటే వంటింటిని ఆనుకుని ఉన్న సామాన్ల గది. మనవాళ్ళ ప్యాంట్రీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. గోడ వారగా మూడు సోనా మసూరి బస్తాలు, మీద పప్పుల డబ్బాలు. నేల టైళ్ళు గట్టిగా అతుక్కున్నాయో లేదో చూడటానికి నా దగ్గర ఒక గోల్ఫ్ బంతి ఉంటుంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలా బంతితో తట్టి వినాలి. బాగా అతికిన టైలు గట్టిగా పలుకుతుంది. కింద ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది. బస్తాల పక్కన తట్టాను. డొల్ల. దాని పక్కది తట్టాను. అదీ డొల్లే. ఎందుకైనా మంచిదని మధ్య బస్తా పక్కకి లాగాను.

బస్తా కింద టైలు నిలువునా పగిలి ఉంది. సన్నగా, తిన్నగా, గోరు తగిలేలా.

“లావణ్యా! ఇలా రా!” అని కేకేశాను. పాపం బెదిరిపోయి వచ్చింది. “ఇక్కడ కూడా కొబ్బరికాయ కొట్టావా తల్లీ?”

“ఇక్కడా? ఇక్కడెందుకు కొడతానక్కా?”

“మరిదేమిటి?”

ఇద్దరం కలిసి నడవాలో పరిచిన పొడుగాటి తివాచీ చుట్టేశాం. దాని కింద కూడా పగులే, టైలు తర్వాత టైలు. కారులోంచి లేజర్ తెచ్చి గడప దగ్గర పెట్టి ఆన్ చేశాను. ఎర్రటి గీత గడప దగ్గరి పగులు మీదుగా, నడవా పొడుగునా, ప్యాంట్రీలో బియ్యం బస్తా కిందికి సూటిగా వెళ్ళింది. పగులు ఆ గీతని ఎక్కడా తప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే నా మీద నాకే ఒళ్ళు మండింది. గంట క్రితం ఇదే పగులు చూసి మ్యాట్ కప్పేసి వెళ్ళింది నేనే కదా!

సంగతేమిటంటే, నేల కాంక్రీట్ ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. ఇక్కడి పొడి గాలికి ఇంకాస్త ఎక్కువే. ఎక్కడ పడితే అక్కడ పగలకుండా బిల్డర్లు ముందే రంపంతో ఒక తిన్నటి గాడి కోస్తారు. దాన్ని కంట్రోల్ జాయింట్ అంటారు. పగిలితే ఆ గాడిలోనే పగులుతుంది. అందులో తప్పేం లేదు. కానీ ఆ గాడి మీదుగా టైళ్ళు పరిచేటప్పుడు మధ్యలో సాగే పొర వేయాలి, లేదా అక్కడ రబ్బరులా మెత్తగా ఉండే జాయింట్ వదలాలి. అవేవీ చేయకపోతే కింద కాంక్రీట్ కదిలినప్పుడు పైన టైలు పగులుతుంది. దెబ్బ తగిలి పగిలిన టైలు నక్షత్రంలా నలువైపులా చీలుతుంది. ఇలా ఇంటికి ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసినట్టు పగలదు.

కిరణ్‌ని పిలిచాం. మెడలో హెడ్‌ఫోన్స్‌తోనే దిగాడు. ఎర్ర గీత చూశాడు, పగులు చూశాడు.

“అంటే కొబ్బరికాయతోని గాదా మేడమ్?”

“నాయనా, కొబ్బరికాయకి ఇల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలిపోతే ఇంక బుల్‌డోజర్లెందుకయ్యా!”

అతను నవ్వాడు. లావణ్య నవ్వలేదు. “నన్ను ఊరుకోబెట్టడానికి అనట్లేదు కదక్కా?” అంది. ఆ మాటకి నేను లేజర్ ఆపేసి రిపోర్ట్ ముందు కూర్చున్నాను. ఊరడింపులతో పోయేది కాదని అర్థమైంది.

కిరణ్ ఫోన్ తీశాడు. “డేవ్ మంచోడు మేడమ్. వారంటీ ఆయనే చూస్తడు. ఒక్క ఫోన్ కొడితే అయిపోతది.”

మనవాళ్ళ ఇళ్ళలో నేను చూసే జబ్బే ఇది. ఫోన్‌లో చెప్పాం, వాడు సరేనన్నాడు, మొన్న వస్తే సమోసాలు కూడా పెట్టాం అంటారు. గడువు దాటాక చూసుకుంటే కాగితం మీద అక్షరం ముక్క ఉండదు. “ఫోన్ జేబులో పెట్టు,” అన్నాను. “బిల్డర్ పోర్టల్‌లో ఎక్కించాలి, నా రిపోర్ట్, ఫొటోలు అన్నీ. ఎక్కించాక వచ్చే నంబర్ దాచుకోవాలి. ఇవాళే, నేనుండగానే.”

రిపోర్ట్‌లో రెండూ రాశాను. పెచ్చు యజమాని వల్ల లేచింది, పగులు మాత్రం పనితనం లోపం. కిరణ్‌కి అది నచ్చలేదు.

“పెచ్చు గురించి ఎందుకు రాస్తరు మేడమ్? మనమే వాళ్ళ చేతికి కత్తి ఇచ్చినట్టయితది.”

“ఉన్నది రాయకపోతే నా సంతకానికి విలువేముంటుంది?” అన్నాను గానీ, లోపల నాకూ పీకుతూనే ఉంది.

పీకినట్టే అయింది. రెండో రోజుకల్లా జవాబొచ్చింది. ‘ఇంపాక్ట్ డామేజ్ (దెబ్బ వల్ల నష్టం). వారంటీ వర్తించదు. క్లోజ్‌డ్.’ కింద జనవరి కాగితం జతచేశారు, లావణ్య సంతకంతో సహా. ఆవిడ నాకు ఫోన్ చేసి, “చెప్పాను కదక్కా,” అంది. ఏడవలేదు. అందుకే నాకు ఇంకా బాధేసింది. అభ్యంతరం ఎలా రాయాలో లైను లైను చెప్పి రాయించాను. పగులు పొడవు, లేజర్ ఫొటో, ప్యాంట్రీ ఫొటో, మనిషొచ్చి చూడాలని అడగడం. గడువుకి మూడు రోజుల ముందు డేవ్ వస్తానన్నాడు. నేనూ వెళ్ళాను.

డేవ్‌కి యాభై దాటి ఉంటాయి. బూట్లకి తొడుగులు వేసుకుని వచ్చాడు. మర్యాదస్తుడే. గడప దగ్గర వంగి చూసి, “మేమ్, ఆవిడే ఒప్పుకుంది కదా, ఇక్కడ కొట్టానని,” అన్నాడు. లేజర్ వేసి చూపించాను. బంతితో తట్టి వినిపించాను. అతను తలాడిస్తూనే నా రిపోర్ట్ పేజీలు తిప్పుతున్నాడు. ఒక చోట ఆగాడు.

“పెచ్చు యజమానిదేనని మీరే రాశారు.”

“రాశాను.”

కిరణ్ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చెప్పానా లేదా అన్నట్టు.

డేవ్ ఆ పేజీ మీద వేలు పెట్టాడు. “నాకొచ్చే రిపోర్టుల్లో తప్పంతా మాదే ఉంటుంది. ‘ఇది యజమానిదే’ అని రాసినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు,” అన్నాడు. “సరే. ఒక టైలు లేపి చూద్దాం. ఎక్కడ లేపాలో మీరే చెప్పండి.”

నేను నోరు తెరిచేలోపే లావణ్య, “ప్యాంట్రీలో. బియ్యం బస్తా కింద,” అంది. గడప దగ్గర లేపితే తనకే నమ్మకం కలగదని ఆవిడకి తెలుసు.

దగ్గర్లోని సైట్ నుంచి టైళ్ళ మేస్త్రీ వచ్చాడు. చుట్టూ సందుల్లో నింపిన గ్రౌట్ కోసి, ఉలి అంచు దూర్చి ఎత్తాడు. టైలు చిన్న చప్పుడు కూడా లేకుండా పూర్తిగా ఊడొచ్చింది. తిరగేసి చూపించాడు. టైలు అడుగంతా పరవాల్సిన సిమెంట్, పెనం మీద ఐదు చోట్ల దోసెల పిండి గరిటెతో పెట్టి వదిలేసినట్టు ముద్దలు ముద్దలుగా ఉంది. కింద కాంక్రీట్‌లో రంపం గాడి, గాడిలో పగులు. పొరా లేదు, గిరా లేదు.

డేవ్ మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీసుకున్నాడు. లేచి, “ఇది మాదే,” అన్నాడు లావణ్యతో. “గడప నుంచి ఇక్కడి దాకా మొత్తం తీసి మళ్ళీ వేస్తాం. పెచ్చు లేచిన టైలు కూడా ఆ వరసలోదే కాబట్టి అదీ పోతుంది.”

ఇంకొకరైతే థాంక్యూ చెప్పి ఊరుకునేవారు. లావణ్య మాత్రం, “మరి జనవరి పేపర్?” అంది.

“అదా, అదింక అవసరం లేదు.”

“నాకవసరం. అందులో నేను పగలగొట్టానని ఉంది. దాన్ని మార్చండి.”

డేవ్ టాబ్లెట్‌లో పాత కాగితం తెరిచి, ఆ లైను కొట్టేసి, ‘కారణం: ఇన్‌స్టలేషన్’ అని, అంటే టైళ్ళు పరచడంలో లోపమని రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేసి ఆవిడకి చూపించాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. అప్పుడొచ్చింది ఏడుపు. ప్యాంట్రీ తలుపుకి ఆనుకుని, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని. గుండెల మీద నుంచి బండ దిగిన మనిషి ఏడుపు అది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాదని ఎందుకనాలి!

కిరణ్‌కి ఏం అర్థం కాలేదు. “ఏమైందే? మంచిగనే అయింది కదా. గింత టైలు కోసం ఏడుస్తరా?”

“టైలు కోసం కాదు కిరణ్. ఇల్లు అచ్చిరాలేదన్నావు కదా. నా వల్లేనేమోనని...”

“నేనా? నేనెప్పుడన్న?” నిజంగానే అడుగుతున్నాడు. ముఖంలో దాపరికం లేదు.

“మార్చిలో. సింక్ దగ్గర. గిన్నెలు కడుగుతూ.”

అతను గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. రాలేదు. “జాబ్ పోయిన బాధల ఏదో అని ఉంటనే. గది పట్టుకుని ఇన్ని నెలలు ఇట్ల... నాతోని ఒక్క మాటన్న అడగొద్దా?” అన్నాడు. ఆవిడ పక్కకెళ్ళి చేయి పట్టుకున్నాడు. నేను, డేవ్, మేస్త్రీ ముగ్గురం వరండాలోకి నడిచి బయట ఎండని చూస్తూ నిలబడ్డాం. భాష రాకపోయినా డేవ్‌కి అర్థమైనట్టే ఉంది, వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

పని పూర్తవడానికి రెండు వారాలు పట్టింది. ఈసారి పొర వేశారు, మెత్తటి జాయింట్ వదిలారు. చివరి రోజు నేను వెళ్ళి వరస పొడుగునా బంతితో తట్టి చూశాను. అంతా గట్టిగానే పలికింది. కిరణ్ నా ముందే, “ఏమే, అమ్ముదామా మరి?” అన్నాడు. “నోర్ముయ్,” అంది లావణ్య. వీధి తలుపు బార్లా తీసే ఉంది.

పనితనం లోపాలు కనిపెట్టడం నాకు చదువు నేర్పింది, చేతికొచ్చిన పనిముట్లు నేర్పాయి. ఈ ఇల్లు నేర్పింది వేరు. యజమాని తప్పు ఒప్పుకుంటే ఇన్‌స్పెక్టర్ పని సగం తగ్గుతుంది, అందుకే ఆ ఒప్పుకోలుని ఎవరూ అనుమానించరు. డేవ్ అనుమానించలేదు. మొదట నేనూ అనుమానించలేదు. మొగుడు ఊరికే నోరుజారిన మాట ఆవిడకి నిజమైపోయింది, ఆవిడ చెప్పిన మాట మా అందరి కాగితాల్లో నిజమైపోయింది. బియ్యం బస్తా జరపకపోయి ఉంటే ఇప్పటికీ అలాగే ఉండేది.

ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా నిచ్చెన దించకముందే ఒక ప్రశ్న అడుగుతున్నాను. “ఈ ఇంట్లో మీ వల్లే పాడైందని మీరు అనుకుంటున్నది ఏదైనా ఉందా?” మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఎదురుగానే ఉంటారు. అతను లేదంటాడు. ఆవిడ కాస్త ఆగి, చేయెత్తి ఏదో ఒక మూల చూపిస్తుంది. నేను తిన్నగా అక్కడికే వెళ్ళి, నేల మీద కూర్చుని, పని మొదలుపెడతాను.